వేరువేరు రంగాల టెక్నాలజీలను కలిపి వృథా తగ్గించడం ఎలా?

సోలార్ ప్యానెల్ తన మీద పడిన ఎండలో సుమారు ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. మిగతాది చాలావరకు వేడి అవుతుంది, ప్యానెల్ కింద నీడ పడుతుంది. ఆ నీడ పక్క రంగంలో ఎవరికైనా పనికొస్తుందా? రంగాలను కలపడం ఇలాంటి ప్రశ్నతోనే మొదలవ్వాలి.

1. బయటికి పోతున్నదేమిటో రాయండి

టెక్నాలజీ పేర్లతో మొదలుపెట్టకండి. ‘ఏఐనీ బ్లాక్‌చెయిన్‌నీ కలిపి ఏదైనా చేద్దాం’ అనుకునే ప్రాజెక్టులు నా దృష్టిలో ప్రజెంటేషన్ దాటడం కష్టం. వేడి, వాడిన నీరు, బూడిద, ఖాళీ స్థలం ఇలా వృథా అయ్యేవన్నీ రాసి, పక్కనే ఎంత, ఎప్పుడు, ఏ స్థితిలో అన్నది చేర్చండి. ‘వేడి పోతోంది’ అంటే చాలదు. అది 35 డిగ్రీల గాలా, 200 డిగ్రీల ఆవిరా?

2. అది ఎవరికి ముడిసరుకో వెతకండి

డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్‌లో బొగ్గు విద్యుత్ కేంద్రం పొగ నుంచి గంధకాన్ని తీసేటప్పుడు జిప్సమ్ వచ్చేది. అది గోడ బోర్డుల ఫ్యాక్టరీకి వెళ్లింది. మిగులు ఆవిరి రిఫైనరీకి, మందుల తయారీకి పనికొచ్చింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం 1960లలో ఒక నీటి పైపులైనుతో మొదలై, ఒక్కో ఒప్పందంగా పెరిగిందే తప్ప, మొత్తం ప్లాన్ ముందే ఎవరూ గీయలేదు.

3. పొంతన కుదురుతుందా చూడండి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. సర్వర్లు అనే కంప్యూటర్లుండే డేటా సెంటర్ నుంచి బయటికొచ్చే గాలి సాధారణంగా 30-40 డిగ్రీలే ఉంటుంది. చలి దేశాల్లో ఇళ్లను వెచ్చబెట్టే పైపులకు అది చాలకపోతే మధ్యలో వేడిని పెంచే యంత్రం, హీట్ పంప్ పెట్టాలి, దానికి మళ్లీ కరెంటు కావాలి. పైగా సర్వర్లు ఏడాదంతా వేడెక్కుతాయి, ఇళ్లకు మాత్రం చలికాలంలోనే ఆ వేడి అవసరం. దూరం పెరిగేకొద్దీ పైపుల ఖర్చూ, దారిలో పోయే వేడీ పెరుగుతాయి.

ప్యానెళ్ల కింద సాగుకూ ఇదే పరీక్ష. జర్మనీ శాస్త్రవేత్తలు గోట్జ్‌బెర్గర్, జాస్ట్రో 1980ల మొదట్లోనే ఈ ఆలోచన చెప్పారు. నీడను లెట్యూస్ లాంటి ఆకుకూరలు బాగానే ఓర్చుకుంటాయి, మొక్కజొన్న ఓర్చుకోలేదు. ట్రాక్టర్ తిరగాలంటే స్తంభాల ఎత్తు పెంచాలి, దాంతో ఇనుము ఖర్చూ పెరుగుతుంది.

4. చిన్నగా పెట్టి, ఇద్దరి లెక్కా కలపండి

రైతు దిగుబడి చూస్తాడు, ఇంజనీరు యూనిట్లు చూస్తాడు. రెంటినీ ఒకే లెక్కలోకి తేవచ్చు. ఉదాహరణకు, మామూలు పొలంతో పోలిస్తే పంట 0.8 వంతు, మామూలు సోలార్ క్షేత్రంతో పోలిస్తే కరెంటు 0.6 వంతు వచ్చిందనుకోండి. మొత్తం 1.4. అంటే ఒక ఎకరంలో వచ్చిన ఈ రెంటినీ విడివిడిగా తీయాలంటే 1.4 ఎకరాలు కావాలి. ఒకటి దాటితే నేల ఆదా అయినట్టే.

5. ఒకరు ఆగిపోతే ఏమిటో ముందే రాసుకోండి

బొగ్గు మానేస్తే ఆ జిప్సమ్ కూడా రాదు. అందుకని ఫ్యాక్టరీ కోసం బొగ్గు మండిస్తూ కూర్చోలేం కదా! ప్రత్యామ్నాయ సరఫరా ఎక్కడి నుంచి, నోటీసు ఎన్ని నెలల ముందు, పైపుల ఖర్చు ఎవరిది అనేవి ఒప్పందంలోనే ఉండాలి.