ఆల్బా నెట్‌వర్క్‌లో సభ్యత్వం: దరఖాస్తు ఎలా చేయాలి?

మెదడు మీద పరిశోధన చేస్తున్న మన పిల్లలు చాలామంది "అది పెద్ద సైంటిస్టులకు కదా" అనుకుని, మెదడు పరిశోధకుల అంతర్జాతీయ నెట్‌వర్క్ అయిన ఆల్బా జోలికే వెళ్లరు. అలా ఆగిపోకండి. ఆల్బా సభ్యత్వానికి ఫీజు లేదు. విద్యార్థి నుంచి ప్రొఫెసర్ దాకా, ఏ దేశంలో ఉన్నా చేరవచ్చు.

2018 జులైలో బెర్లిన్‌లో యూరప్ న్యూరోసైన్స్ సంఘాల సమాఖ్య, అంటే ఫెన్స్ సదస్సులో ఇది మొదలైంది. స్పానిష్‌లో ఆల్బా అంటే తెల్లవారుజాము. ఆడవాళ్లకు, ఈ రంగంలో తక్కువగా కనిపించే వర్గాలవాళ్లకు, దేశాలవాళ్లకు సమాన అవకాశాలు దక్కాలన్నది దీని ఉద్దేశం. ఈ విలువలను వివరిస్తూ వాళ్లు ఒక డిక్లరేషన్ కూడా రాసుకున్నారు. దరఖాస్తుకు ముందు దాన్ని నిదానంగా చదవండి. మీరు చేరేది ఏ మాట మీద నిలబడిన సంస్థలోనో తెలియాలి కదా.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆల్బా అధికారిక వెబ్‌సైట్‌లో సభ్యత్వ విభాగం తెరిచి ఫారం నింపాలి. పేరు దగ్గర మనవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకలా, పరిశోధన పేపర్లలో ఇంకోలా ఉంటే, పరిశోధన పేపర్లలో అచ్చయిన పేరే వాడండి. మీ పని చూసి వెతికేవాళ్లకు తెలిసింది ఆ పేరే. పరిశోధకులను గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) నంబర్ లేకపోతే ఇప్పుడే తీసుకోండి, అదీ ఉచితమే. పేరు ఎలా రాసినా, ఆ నంబర్‌కు జతచేసిన మీ పేపర్లన్నీ ఒక్కచోట కనిపిస్తాయి.

మీ పరిశోధన గురించి రాసేటప్పుడు తొందరపడకండి. నాకు తెలిసిన ఒకమ్మాయి మొదట "న్యూరోసైన్స్, జ్ఞాపకశక్తి" అని రాసి వదిలేసింది. ఇద్దరం కూర్చుని మార్చాం: "ఎలుక హిప్పోక్యాంపస్‌ను పల్చటి ముక్కలుగా కోసి, ప్యాచ్ క్లాంప్‌తో ఒక్కో కణం సంకేతాలను రికార్డు చేస్తాను." సదస్సుకు వక్తను వెతికేవాళ్ల కంట పడేది ఇలాంటి వాక్యమే. పిల్లల కోసమో, అమ్మానాన్నల అనారోగ్యం వల్లో రెండేళ్లు ల్యాబ్‌కు దూరమయ్యారా? దాన్ని దాచాల్సిన పనిలేదు. ఇలాంటి నెట్‌వర్క్ అవసరమైంది అందుకే.

ఈమెయిల్ విషయంలో ఒక జాగ్రత్త. పీహెచ్‌డీ అయిపోయి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పోస్ట్‌డాక్‌కు వెళ్లగానే పాత సంస్థ మెయిల్ ఆగిపోవచ్చు. వీలైతే సొంత మెయిల్ ఇవ్వండి. జవాబు రాకపోతే స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

సభ్యత్వం వచ్చినంత మాత్రాన ప్రయాణ గ్రాంట్లు, అవార్డులు వాటంతట అవే రావు. వాటికి ప్రకటన వచ్చినప్పుడు విడిగా దరఖాస్తు పెట్టాలి. ప్రతిదానికీ అర్హత, గడువు వేరు. గడువు సమయం ఏ దేశపు గడియారం ప్రకారమో చూసుకుని, ఒకరోజు ముందే పంపేయండి.