బతుకమ్మ పండుగ వారంలో టీవీ: ఏది అప్పుడే చూడాలి, ఏది ఆగి చూడొచ్చు

ఎంగిలిపూల బతుకమ్మ నుంచి దసరా దాకా స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ పోటీపడి కొత్త సినిమాలు, కొత్త సీరియళ్లు, పండుగ ఈవెంట్లు వేస్తాయి. సెప్టెంబర్‌లో మొదలైన బిగ్ బాస్ కూడా అప్పటికి ఊపందుకుంటుంది. సరిగ్గా ఇవన్నీ వచ్చే సాయంత్రం వేళకే హనుమకొండ, వరంగల్ వాడల్లో ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని బయల్దేరుతారు. సినిమా ఆరింటికి మొదలైతే, పద్మాక్షి గుట్ట కాడ ఆట ముగిసి ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. అందుకే ప్లాన్ ముందే వేసుకోవాలి.

ప్రోమో ఎంత హోరుగా వస్తోందో పట్టించుకోకండి. ప్రతి ప్రోగ్రాం గురించి ఒకటే అడగండి: ఇది ఈ రోజు తప్పితే మళ్లీ ఎప్పుడు, ఎక్కడ దొరుకుతుంది?

అలా చూస్తే, అప్పుడే చూడాల్సినవి చాలా తక్కువ. క్రికెట్ మ్యాచ్ ఒకటి. బిగ్ బాస్‌లో ఆదివారం ఎలిమినేషన్ మరొకటి; తెల్లారేసరికి ఎవరు బయటికొచ్చారో ఫోన్ నిండా ఉంటుంది, ఇక చూసినా రుచి ఉండదు. సోమవారం నామినేషన్లు కూడా అంతే. మంగళవారం నుంచి శుక్రవారం దాకా జరిగే టాస్కులు మర్నాడు చూసినా పోయేదేమీ లేదు.

సీరియల్ ఎపిసోడ్లు మర్నాడు పొద్దున్నో మధ్యాహ్నమో మళ్లీ వేస్తారు. జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్ యాప్‌లలోనూ ఆ చానెళ్ల సీరియళ్లు ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. కొత్త సీరియల్‌కు మంచి టైం ఇవ్వడానికి పాత సీరియల్‌ను వేరే టైంకు జరుపుతారు. పెద్దవాళ్లు రోజూ చూసే సీరియల్ కనిపించక కంగారు పడేది ఇక్కడే. పాత సీరియల్ చివర్లో వచ్చే "కొత్త సమయం" స్క్రోలింగ్ చూసి రాసిపెట్టుకోండి. రెండోది మహాసంగమం. రెండు సీరియళ్ల కథను కలిపి గంటసేపు నడుపుతారు కాబట్టి, అది వదిలేస్తే రెండు కథలూ తెగిపోతాయి. ఇక కొత్త సీరియల్ మొదటి వారం చూడకపోయినా పర్వాలేదని మా అభిప్రాయం. ఆ వారమంతా పరిచయాలు, హంగులే ఉంటాయి. అసలు కథ ఎటు పోతుందో రెండో మూడో వారానికి గానీ తేలదు.

సినిమాల సంగతి కొంచెం వివరంగా చూడాలి. "వరల్డ్ టెలివిజన్ ప్రీమియర్" అంటే టీవీలో మొదటిసారి అనే తప్ప, ఇంట్లో మొదటిసారి అని కాదు. చాలా సినిమాలు టీవీకి ముందే ఓటీటీకి వచ్చేస్తున్నాయి. అయితే చానెల్‌ను బట్టి యాప్‌ను ఊహించకండి. శాటిలైట్ (టీవీ) హక్కులు, డిజిటల్ (ఓటీటీ) హక్కులు విడివిడిగా అమ్ముతారు. స్టార్ మాలో వచ్చే సినిమా ప్రైమ్‌లోనో నెట్‌ఫ్లిక్స్‌లోనో ఉండొచ్చు. సినిమా పేరు వెతికి చూసుకోండి. మీరు డబ్బు కట్టే యాప్‌లో అప్పటికే ఉంటే, ఆ సాయంత్రం నిశ్చింతగా బతుకమ్మ ఆడుకోండి. ఇంకో మాట: థియేటర్‌లో 'ఏ' సర్టిఫికెట్‌తో ఆడిన సినిమాను టీవీలో వేయాలంటే కోతలు పెట్టి మళ్లీ సెన్సార్ చేయించాలి. అలాంటిది పూర్తిగా చూడాలనుకుంటే టీవీ కోసం ఆగొద్దు.

టైం లెక్క కూడా ముందే వేసుకోవాలి. నిబంధన ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు ఉండొచ్చు: 10 వ్యాపార ప్రకటనలకు, 2 చానెల్ సొంత ప్రచారానికి. ఆ లెక్కన రెండున్నర గంటల సినిమాకు 3 గంటల 8 నిమిషాలు పడుతుంది. పండుగ రోజు మూడున్నర గంటలు అనుకోవడం మేలు. ఆరింటికి మొదలైన సినిమా తొమ్మిదిన్నరకు ముగిస్తే, ఇంకో చానెల్‌లో తొమ్మిదింటి ప్రోగ్రాం మొదట్లో అరగంట పోయినట్టే.

ఈవెంట్లకు చెవులు చాలు. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు కడుతూనో, పులిహోర కలుపుతూనో వినొచ్చు.

రికార్డింగ్ పెట్టుకునేవాళ్లు ముందు సెట్‌టాప్ డబ్బా వెనక చూడండి. యూఎస్‌బీ ఉన్నంత మాత్రాన రికార్డ్ అవుతుందని కాదు. చాలా కేబుల్ డబ్బాల్లో ఆ సౌకర్యం లేదు. ఉంటే 64 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. మామూలు చానెల్‌కు గంటకు సుమారు 1 జీబీ, హెచ్‌డీకి 3 నుంచి 4 జీబీ పడుతుంది, అంటే మూడున్నర గంటల హెచ్‌డీ సినిమాకు 14 జీబీ దాకా. మొదటిసారి పెట్టగానే డబ్బా ఫార్మాట్ అడుగుతుంది, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ పెట్టకండి. ఆ రికార్డింగ్ ఆ డబ్బాలోనే ఆడుతుంది, కంప్యూటర్‌లో తెరుచుకోదు.

రికార్డింగ్ చెడేది ఎక్కువగా మూడు కారణాలతో. తెర మీద కనిపించే ప్రోగ్రాం గైడ్‌లో సినిమాకు మూడు గంటలే చూపిస్తుంది, క్లైమాక్స్ తెగిపోతుంది; అందుకే దాని తర్వాతి ప్రోగ్రాంను కూడా బుక్ చేయండి. బయటికి పోతూ గోడ స్విచ్ ఆపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. డబ్బాకు కరెంటు ఉండాలి, రిమోట్‌తో ఆపితే చాలు. ఇక ఒకే ట్యూనర్ ఉన్న డబ్బాలో ఒక చానెల్ రికార్డ్ అవుతుంటే మరోటి చూడలేరు. ఆడవాళ్లు సినిమా పెట్టి పోయాక ఇంట్లో ఎవరో మ్యాచ్‌కు మార్చారంటే రెంటిలో ఒకటి ఆగాల్సిందే. రిమోట్ మీద చిన్న చీటీ అంటించి పోండి.

ఈ రోజుల్లో వాన కూడా ఉంటుంది. పెద్ద వాన పడితే డిష్‌కు సిగ్నల్ పోతుంది, మబ్బు జరగ్గానే తిరిగొస్తుంది. పావుగంట ఆగండి. డాబా ఎక్కి డిష్ కదిపితే మాత్రం వాన వెలిశాక కూడా సిగ్నల్ రాదు. కేబుల్ ఉన్నవాళ్లకు ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేని సందర్భం ఒకటుంది: వాడలో కరెంటు పోయి స్తంభం మీది ఆంప్లిఫయర్ ఆగితే బొమ్మ రాదు. అప్పుడు ఫోన్‌లో యాప్ ఒక్కటే దారి.

ప్యాక్ సంగతి శుక్రవారమే చూసుకోండి. హెచ్‌డీ, మామూలు చానెల్ రెండూ వేర్వేరు లెక్క. మీ ప్యాక్‌లో లేని చానెల్‌ను 2019 నుంచి విడిగా కూడా తీసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు, కేబులాయన దొరకడు.

చివరగా కాగితం మీద బతుకమ్మ తొమ్మిది రోజులూ, దసరా కూడా రాసి క్యాలెండర్ పక్కన పెట్టండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు. రికార్డ్ చేసిన సినిమా అందరూ కలిసి చూడ్డానికి ఆ సాయంత్రాన్ని ఖాళీగా ఉంచండి. దసరా నాడు ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా ఏమీ రాయకండి. జమ్మికి పోయి, ఉర్సు రంగలీల మైదానంలో రావణవధ చూసి, ఇంటింటికీ తిరిగి బంగారం (జమ్మి ఆకు) పంచేసరికి ఆ టైం అయిపోతుంది.