గేదె పాలలో వెన్న శాతం పడిపోతే ఎక్కడ వెతకాలి

బాపట్ల దగ్గర మాగాణి ఊరు మాది. ఊళ్లో పాల కేంద్రం నేనే నడుపుతున్నాను. పాలు కొలిచేది, శాంపిల్ తీసేది, చీటీ ఇచ్చేది నేనే కాబట్టి చీటీ మీద వెన్న (అంటే పాలలోని కొవ్వు) శాతం అంకె తగ్గిన రోజు అందరి చూపూ నా మీదే ఉంటుంది. "వదినా, నిన్న ఏడొచ్చింది, ఇవాళ ఆరున్నరేంటి?" అని అడుగుతారు. వెనక పదిమంది వరసలో నిలబడి ఉంటే ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం కుదరదు. ఇక్కడ తీరిగ్గా చెబుతాను. గేదెలున్నవాళ్ల కోసమే ఇది. ఆవులకూ చాలావరకు వర్తిస్తుంది.

ముందు ఆ అర పాయింటు విలువెంతో చూద్దాం. గేదె పాలకు చాలాచోట్ల కిలో వెన్న లెక్కన ధర కడతారు. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. ఏడు శాతం వస్తే ఆ లీటరులో 72 గ్రాముల వెన్న ఉన్నట్టు, ధర సుమారు 57 రూపాయల 70 పైసలు. ఆరున్నర వస్తే 53 రూపాయల 55 పైసలు. లీటరుకు నాలుగు రూపాయల పైన తేడా. రోజుకు పది లీటర్లు పోసే ఇంటికి నెల తిరిగేసరికి పన్నెండు వందలు దాటుతుంది. గేదె అదే, చాకిరీ అదే, పోయేది మాత్రం డబ్బు. అందుకే ఈ అంకెను తేలిగ్గా వదిలేయొద్దని నేను అందరినీ పోరుతుంటాను.

అంకె తగ్గగానే చాలామంది దాణా మార్చేస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది పాలు పితికే తీరు. పొదుగులోంచి వచ్చే పాలన్నీ ఒకేలా ఉండవు. మొదటి ధారలు పల్చగా, ఒకటి రెండు శాతం వెన్నతో వస్తాయి. పోనుపోను చిక్కబడి, ఆఖరి పాలలో వెన్న పది శాతం కూడా దాటొచ్చు. అంటే మీ చీటీ మీద అంకెను నిలబెట్టేది ఆఖరున వచ్చే ఆ కాసిని పాలే. చెయ్యి నొప్పెట్టి వాటిని పొదుగులో వదిలేసినా, దూడకు వదిలేసినా వెన్న పడిపోతుంది.

మన ఇళ్లలో ముందు దూడను వదిలి చేపిస్తారు, అంటే పాలు దిగేలా చేస్తారు, మధ్యలో పితుకుతారు, చివర్లో మళ్లీ దూడను వదులుతారు. దూడ తాగాలి, అందులో రెండో మాట లేదు. చిన్న దూడకు రోజూ దాని ఒంటి బరువులో పదో వంతు పాలు అందాలి. అయితే దాని వాటా మొదట్లోనే తాగనివ్వండి. ఒకటి రెండు చన్నులు దానికి వదిలి, కడుపు నిండాక తల్లి ముందు కట్టేయండి. తల్లి దాన్ని నాకుతూ నిలబడుతుంది. ఆ తర్వాత మీరు పితికేది చివరి చుక్క దాకా గిన్నెలోకే రావాలి.

చేపు విషయం ఇంకొంచెం చెప్పాలి. గేదె చేపడమంటే దాని మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి పొదుగులోని పాలను కిందికి నెట్టడం. దాని బలం ఉండేది కొద్ది నిమిషాలే. పైగా ఆవు కన్నా గేదె ఆలస్యంగా చేపుతుంది. చేపకముందే చన్ను లాగితే గేదె బిగబట్టుకుంటుంది. చేపాక ఫోన్ వచ్చిందనో పొయ్యి మీద కూర మాడుతోందనో లేచి వెళితే ఆ పూట చిక్కటి పాలు లోపలే ఉండిపోతాయి. గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కూర్చున్నాక ఏడెనిమిది నిమిషాల్లో ముగించండి. బొటనవేలు మడిచి లాగకుండా, గుప్పిట నిండా పట్టి పిండండి. మడిచిన వేలు ఒరుసుకుని చన్ను లోపల దెబ్బతింటుంది, పొదుగువాపుకు దారి అక్కడే పడుతుంది. గేదె మీద అరిచినా, దాన్ని అదిలించినా, పితికే మనిషి మారినా చేపు చెడుతుంది. అలాగని ఆక్సిటోసిన్ సూది వేసి చేపించే పని మాత్రం పెట్టుకోకండి. పాల కోసం పశువుకు అలా సూది వేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, మనకు అన్నం పెట్టే గేదెకు రోజుకు రెండుసార్లు సూది పొడవడం నాకు మింగుడుపడదు.

తర్వాత చూడాల్సింది వేళలు. పొద్దున అయిదింటికి పితికి, మధ్యాహ్నం మూడింటికే మళ్లీ కూర్చుంటే పగటి ఎడం పది గంటలు, రాత్రి ఎడం పద్నాలుగు. ఎడం పెరిగితే పాలు ఎక్కువ, వెన్న తక్కువ. ఎడం తగ్గితే పాలు తక్కువ, వెన్న ఎక్కువ. సాయంత్రం చీటీలో ఏడున్నర చూసి, మర్నాడు పొద్దున ఆరు ముప్పావు చూసి వెన్న కొలిచే మిషన్ చెడిందనుకునేవాళ్లు ఉన్నారు. పొద్దుటి చీటీని పొద్దుటి చీటీతోనే పోల్చండి. అది కూడా వారం చీటీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క పూట తేడాకు కంగారు పడక్కర్లేదు. ఈనిన రెండో నెల ప్రాంతంలో పాలు బాగా దిగుతాయి, అప్పుడు వెన్న కాస్త తగ్గడం మామూలే. ఈని నెలలు గడిచేకొద్దీ మళ్లీ పెరుగుతుంది.

ఇక మేత. వెన్నలో పెద్ద భాగం పీచు నుంచే పుడుతుంది. గేదె గడ్డి తిని నెమరు వేస్తుంటే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి ఎసిటిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పొదుగు దాన్ని తీసుకుని వెన్నగా మారుస్తుంది. పీచు తగ్గి గంజి, అన్నం, నూకలు, పిండి పెరిగితే పొట్ట పులుస్తుంది, నెమరు తగ్గుతుంది, వెన్న పడిపోతుంది. పెళ్లిళ్ల తర్వాత మిగిలిన అన్నం కుడితిలో కలిపి పెట్టిన మర్నాడు వెన్న తగ్గడం మా కేంద్రంలో ఎన్నోసార్లు చూశాను. అన్నం మరీ ఎక్కువైతే గేదె ప్రాణానికే ముప్పు. దాణా మార్చాలన్నా పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచుతూ పది రోజులు తీసుకోండి.

అయిదు వందల కిలోల పాడి గేదెకు రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుగడ్డి పెట్టాలి. దాణా ఒంటి పోషణకు కిలోన్నర, పైన రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున. దాంతోపాటు రోజుకు యాభై గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కొంచెం ఉప్పు. మా వైపు వరిగడ్డికి కొదవ లేదు గానీ అందులో మాంసకృత్తులు చాలా తక్కువ, ఒక్క దాని మీద గేదె నెగ్గుకురాలేదు. వరి కోతల ముందు మడిలో పిల్లిపెసర చల్లే అలవాటును వదులుకోవద్దని నా మనవి. మిషన్ కోత వచ్చాక చాలామంది మానేశారు. పిల్లిపెసర, జనుము లాంటి పప్పుజాతి మేత వరిగడ్డితో కలిపి పెడితే ఆ లోటు తీరుతుంది. గడ్డిని అంగుళం ముక్కలుగా కొట్టండి, పొడి చేయకండి, పొడికి నెమరు పుట్టదు. బూజు పట్టిన గానుగచెక్క, తడిసిన తవుడు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు.

చీటీలో వెన్న పక్కన ఎస్‌ఎన్‌ఎఫ్ అని ఇంకో అంకె ఉంటుంది. నీళ్లూ వెన్నా పోగా పాలలో మిగిలే మాంసకృత్తులు, పాలచక్కెర, ఖనిజాల లెక్క అది. గేదె పాలలో తొమ్మిది ప్రాంతంలో ఉండాలి. పశువు అర్ధాకలితో ఉన్నా, ఎండలకు మేత మానేసినా తగ్గుతుంది. మీరు నీళ్లు కలపకుండానే, వెన్నా ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ ఒక్కసారిగా పడిపోతే పొదుగువాపు ఉందేమో చూడండి. పితికే ముందు ప్రతి చన్ను నుంచి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండితే పలుకులు, తరకలు ఉన్నాయేమో తెలిసిపోతుంది. ఉంటే అదే పూట పశువుల డాక్టరుకు చెప్పండి, ఆ పాలు విడిగా తీసేయండి. పితికాక చన్నులను అయోడిన్ మందులో ముంచి, గేదె ముందు మేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది. తింటూ నిలబడితే ఆలోపు పేడలో పడుకోదు.

ఇప్పుడు మా వైపు, అంటే కేంద్రం వైపు చూసుకోవాల్సినవి. శాంపిల్ తీసేముందు మీ పాలు కలియబెట్టారో లేదో చూడండి. నిలవ ఉన్న పాలలో వెన్న పైకి తేలుతుంది. అడుగు నుంచి తీస్తే మీకు నష్టం, పై నుంచి తీస్తే డెయిరీకి నష్టం. గరిటెతో కిందికీ పైకీ నెమ్మదిగా కలపాలి. గిలక్కొట్టి నురగ తెస్తే మిషన్ తప్పు చూపిస్తుంది. కాటా మీద కిలోలు చూపించి లీటర్లలో ధర కడుతుంటే లెక్క అడగండి. పది కిలోలంటే తొమ్మిది లీటర్ల ఏడు వందల మిల్లీలీటర్లే. ముందు పాత్ర బరువు తీసేసి సున్నా చేశారా అన్నదీ చూడండి.

అంకె మీద అనుమానం వస్తే అదే శాంపిల్ రెండోసారి పెట్టమనండి. ఇంకా నమ్మకం కుదరకపోతే గెర్బర్ పరీక్ష చేయమనండి. గంధకామ్లం పది మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాల్ ఒకటి గాజు బుడ్డిలో పోసి తిప్పితే వెన్న పైన తేలి గీత దగ్గర కనిపిస్తుంది. మిషన్లను సరిచూసేది కూడా దాని ప్రకారమే. అడగడానికి మొహమాటం ఎందుకు? 1946లో గుజరాత్‌లో ఖేడా జిల్లా రైతులు ఏకమై సంఘం పెట్టుకున్నది పాలకు న్యాయమైన ధర కోసమే. 1970లో పాల సహకార సంఘాలను పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలయ్యాక ఆ పద్ధతి దేశమంతా పాకింది. 2023-24లో మన దేశంలో 23.9 కోట్ల టన్నుల పాలు వచ్చాయి, ప్రపంచంలో మరే దేశమూ అన్ని తీయడం లేదు. అందులో ఎక్కువ భాగం కొద్దిపాటి పశువులున్న చిన్న రైతుల ఇళ్లదే. మీ కళ్లముందు కొలిచి, మీ చేతికి చీటీ ఇవ్వడం మా పని.

పాలు తెచ్చేటప్పుడు స్టీలు క్యానే వాడండి, ప్లాస్టిక్ బిందెల గీతల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. పితికిన గంటలోపు కేంద్రానికి చేర్చండి. రాత్రి మిగిలిన పాలు పొద్దుటి పాలలో కలపకండి, పులుపు తిరిగితే మొత్తం క్యాన్ వెనక్కి వస్తుంది. ఈనిన మొదటి అయిదు రోజుల జున్నుపాలు పోయొద్దు, అవి దూడవి. గేదెకు యాంటీబయాటిక్ వేయిస్తే పాలు ఎన్నాళ్లు ఆపాలో డాక్టరును అడిగి, ఆ గడువు తీరేదాకా కేంద్రానికి తేకండి, ఇంట్లో పిల్లలకూ పోయకండి.