కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి డిఫెన్సివ్ లైన్ ఏదో వాదించడం ఎలా

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో మేటి డిఫెన్సివ్ లైన్ (ప్రత్యర్థి దాడిని ముందు వరుసలో అడ్డుకునే ఆటగాళ్లు) ఏదన్న చర్చకు దిగే ముందు, కొలవవలసింది ఒక్క సీజన్ ఆటనా, ఆ ఆటగాళ్ల తరువాతి ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జీవితాన్నా అన్నది తేల్చుకోవాలి. 2018 నాటి క్లెమ్సన్ యూనివర్సిటీ లైన్ నుంచి ఫెరెల్, విల్కిన్స్, లారెన్స్ ముగ్గురూ డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో, తొలి రౌండులోనే ఎంపికయ్యారు. 2021 నాటి జార్జియా యూనివర్సిటీ లైన్ నుంచి వాకర్, డేవిస్, వయట్ కూడా అంతే, కనుక డ్రాఫ్ట్ ఒక్కదానితో వాదన తెగదు.

శాక్‌ల (బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొట్టడం) లెక్కను అతిగా నమ్మకూడదు. జోర్డన్ డేవిస్ వంటి భారీకాయుడు మధ్యలో ఇద్దరు బ్లాకర్లను తనపైనే నిలుపుకుంటే, దారి దొరికిన లైన్‌బ్యాకర్ (లైన్ వెనక నిలిచే ఆటగాడు) బంతి ఉన్నవాడిని పడగొడతాడు, గణాంకాల్లో అతని పేరే నమోదవుతుంది. అందుచేత వీడియోలో బంతిని కాక, స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) జరిగిన క్షణాన లైన్ ఎటు జరిగిందో గమనించాలి.

లారెన్స్ ఆడకపోయినా 2018 సీజన్ జాతీయ ఫైనల్‌లో అలబామాను 44–16తో ఓడించిన క్లెమ్సన్ వైపే నేను మొగ్గుతాను.