చేతి స్కానర్ నేర్చుకుందాం – 3వ భాగం: గన్ను చేసేది టైపింగే

పోయిన భాగంలో బార్‌కోడ్ గీతలు చదివే చేతి స్కానర్‌ని, మన మాటలో గన్నుని, పెట్టెలోంచి తీసి యూఎస్‌బీ వైరు గుచ్చడం దాకా వచ్చాం. ఈసారి అసలు సంగతి, ఇది బుర్రకెక్కితే మిగతా పాఠాలు తేలికే. మన కొట్లలో వాడే మామూలు గన్ను కంప్యూటర్‌కి ఒక కీబోర్డులాగే కనబడుతుంది. గీతలు చదువుతుంది, ఆ అంకెలు చకచకా టైపు చేస్తుంది, చివర్లో ఎంటర్ కొడుతుంది. సబ్బు పేరు గానీ ధర గానీ దానికి తెలీదు, అవి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మనం ఎక్కించుకున్నవి.

అందుకే ఏ తేడా వచ్చినా ముందు నోట్‌ప్యాడ్ తెరవండి. కర్సర్ అక్కడ పెట్టి ఓ బిస్కెట్ ప్యాకెట్ చదివించండి. అంకెలు పడి కర్సర్ కింది లైనుకి దిగితే గన్ను బాగున్నట్టే, ఇక వెతకాల్సింది సాఫ్ట్‌వేర్‌లో. అంకెలు వచ్చి కర్సర్ అదే లైనులో ఆగిపోతే ఎంటర్ సెట్టింగ్ లేదన్నమాట. గన్నుతో పాటు వచ్చిన కాగితంలో దానికో బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని చదివిస్తే సరిపోతుంది. దయచేసి ఆ కాగితం పారేయకండి, గల్లాపెట్టెలో దాచండి.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా, సరిహద్దు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కణ్ణుంచీ సరుకొస్తుంది. మా కొట్లో బియ్యం బస్తాలకి మేమే స్టిక్కర్లు వేసుకుంటాం, కోడు ‘ఆర్’, ‘బి’ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. ఒకరోజు పొద్దున్నే చదివిస్తే ఆ అక్షరాల చోట ఒడియా అక్షరాలు పడ్డాయి! మావయ్య కంగారుపడి "గన్ను పాడైపోయినట్టుందిరా, తిరిగిచ్చేద్దాం" అన్నాడు. చూస్తే ముందురోజు రాత్రి ఎవరో ఒడియాలో ఉత్తరం టైపు చేసి కీబోర్డు భాష అలాగే వదిలేశారు. గన్ను మీట నొక్కినట్టు చెబుతుంది అంతే, ఆ మీటకి ఏ అక్షరం రావాలో కంప్యూటర్ భాష సెట్టింగే తేలుస్తుంది. విండోస్ మీటతో పాటు స్పేస్ నొక్కి ఇంగ్లీషుకి మార్చగానే సరిపోయింది.

ఇప్పుడు అంకెల సంగతి. ప్యాకెట్ల మీద మనం ఎక్కువగా చూసేది ఈఏఎన్ అనే 13 అంకెల బార్‌కోడ్. మొదట 890 ఉంటే ఆ కోడు తీసుకున్న కంపెనీ జీఎస్1 ఇండియాలో, అంటే మన దేశంలో ఈ నంబర్లిచ్చే సంస్థలో, నమోదైందని అర్థం, సరుకు ఇక్కడే తయారైందని కాదు. చివరి అంకె కాపలా అంకె, మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో చూసేది. ఊరికే 890765432109 అనుకుందాం, పదమూడోది మనం కట్టాలి. ఎడమ నుంచి 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లోవి కూడితే 20. మిగతా ఆరూ కూడితే 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపి 122. పై పదికి, అంటే 130కి, ఎంత తక్కువ? 8. అదే చివరి అంకె. చేత్తో కొట్టేటప్పుడు ఏ ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు పట్టేస్తుంది గానీ 61కి బదులు 16, 72కి బదులు 27 లాంటివి, అంటే తేడా సరిగ్గా అయిదున్నవి, తప్పించుకుంటాయి. చిరిగిన లేబుల్ చూసి చేత్తో కొట్టే పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

కోడులో ధర లేదన్నాను కదా, దానివల్ల నష్టపోయే కొట్లు చాలా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగాక పాత ఎమ్మార్పీ సరుకూ కొత్తదీ ఒకే కోడుతో పక్కపక్కనే ఉండే పరిస్థితి వచ్చింది. గన్ను రెంటికీ ఒకేలా బీప్ అంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒకే కోడుకి రెండు ధరలు ఎక్కించి, బిల్లు వేసేటప్పుడు ఏ ధర వేయాలో అడిగేలా పెట్టుకోవాలి.

మెరిసే ప్యాకెట్ చదవకపోతే గన్నుని కాస్త వాలుగా పట్టండి, నిటారుగా పెడితే వెలుగు తిరిగి దాని కంట్లోనే కొడుతుంది. ఎర్ర కాంతి గన్నుకి తెల్ల కాగితం మీద ఎర్ర గీతలు కనబడవు, స్టిక్కర్లు నల్లరంగులోనే వేయించండి.

కార్డు గీకే రీడర్లలోనూ కీబోర్డు రకానివి ఇలాగే టైపు చేస్తాయి. లైబ్రరీ కార్డులాంటిది గీకి చూడండి. కార్డు వెనకుండే నల్లపట్టీలో సమాచారం ట్రాకులనే వరుసల్లో ఉంటుంది. బ్యాంకు కార్డుల పద్ధతిలో రాసిన పట్టీ అయితే మొదటి ట్రాక్ శాతం గుర్తుతో మొదలవుతుంది, 79 అక్షరాల దాకా పడతాయి. రెండోది సెమీకోలన్‌తో మొదలై ప్రశ్నార్థకంతో ముగుస్తుంది, 40 దాకా పడతాయి. బ్యాంకు కార్డు మాత్రం, మీదైనా సరే, నోట్‌ప్యాడ్‌లో గీకొద్దు. కార్డు నంబరు పచ్చిగా తెర మీద పడుతుంది, పక్కనున్నవాళ్ళు ఫోటో తీస్తే చాలు. నల్లపట్టీని నకలు చేయడం అంత తేలిక కాబట్టే మన దగ్గర 2018 ఆఖరుకల్లా చిప్ కార్డులకి మారమని రిజర్వ్ బ్యాంక్ గడువు పెట్టింది.

ఈలోగా ఇంట్లో ఏదైనా ప్యాకెట్ తీసి, చివరి అంకె మీద వేలు పెట్టి మూసి, మిగతా పన్నెండుతో లెక్క కట్టి, వేలు తీసి చూసుకోండి. నాలుగైదు ప్యాకెట్లు చేశాక వచ్చే భాగానికి రండి, మన సొంత స్టిక్కర్లు ముద్రిద్దాం.