క్లౌడ్‌లో బ్లాక్‌చెయిన్ - 4వ పాఠం: తాళంచెవులు ఎవరి దగ్గర?

పోయిన పాఠంలో క్లౌడ్‌లో బ్లాక్‌చెయిన్ (పలు సంస్థలు కలిసి ఉంచుకునే లావాదేవీల చిట్టా) నడిపే ప్లాట్‌ఫామ్‌లను పోలుస్తూ పట్టిక వేయమన్నాను. వచ్చినవాటిలో చాలా పట్టికలు అజూర్ బ్లాక్‌చెయిన్ సర్వీస్‌కి మంచి మార్కులు వేశాయి. మైక్రోసాఫ్ట్ దాన్ని 2021 సెప్టెంబర్ 10నే మూసేసింది. కొందరు అమెజాన్ క్యూఎల్‌డీబీని చేర్చారు. దానికి 2025 జూలై 31తో సపోర్టు ఆగిపోయింది. పైగా అది బ్లాక్‌చెయినే కాదు, ఒకే యజమాని చేతిలో ఉండే లెడ్జర్ (చిట్టా) డేటాబేస్. తప్పు నాదే. పట్టికలో మొదటి గడి ‘ఇది ఇంకా నడుస్తోందా?’ అని ఉండాలని చెప్పలేదు. ఇవాళ చెబుదామనుకున్న ఖర్చుల లెక్క వచ్చేసారికి.

పీర్ అంటే ఒక్కో సంస్థ తన చిట్టా కాపీ ఉంచుకునే సర్వర్, ఆర్డరర్ అంటే లావాదేవీలను వరసలో పెట్టేది, చెయిన్‌కోడ్ అంటే లావాదేవీల నియమాలు రాసిన ప్రోగ్రామ్. ఇంతకు మించి మళ్లీ చెప్పను.

‘ఒరాకిల్‌దీ అమెజాన్‌దీ రెండూ హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రికే కదా, ఎప్పుడైనా మారిపోవచ్చు’ అని చాలామంది రాశారు. (ఫ్యాబ్రిక్ అంటే సంస్థలు కలిసి వాడుకునే ఓపెన్‌సోర్స్ బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్.) అంత తేలిక కాదు. ఒరాకిల్ బ్లాక్‌చెయిన్ ప్లాట్‌ఫామ్‌లో చెయిన్‌కోడ్ నుంచి ఎస్‌క్యూఎల్ క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) వేయొచ్చు. హాయిగా ఉంటుంది. ఆ కోడ్ మామూలు ఫ్యాబ్రిక్‌లో నడవదు.

ఇక నాకు ఒళ్లు మండించిన సంగతి. సరుకు తయారుచేసే కంపెనీ, రవాణా కంపెనీ, బీమా కంపెనీ కలిసి వాడే అప్లికేషన్ అనుకోండి. మీలో సగం మంది మూడు పీర్లనూ తయారీ కంపెనీ క్లౌడ్ అకౌంట్‌లోనే పెట్టారు. సరుకు దారిలో పాడైందని గొడవ వచ్చింది. ‘కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలి’ అని ఎండార్స్‌మెంట్ పాలసీ (లావాదేవీకి ఎవరి ఆమోదం కావాలో చెప్పే నియమం) రాసుకున్నాం కదా అంటారా? సంతకాలు పెట్టే మూడు ప్రైవేట్ కీలూ (రహస్య తాళంచెవులు) ఆ అకౌంట్ అడ్మిన్‌కి అందుతాయి. రవాణా కంపెనీ పేరుతో సంతకం పెట్టడానికి అతనికి రెండు నిమిషాలు చాలు. ఆర్డరర్లు ఐదున్నాయి, వాటి మధ్య ఒప్పందం కుదిర్చే రాఫ్ట్ పద్ధతి ఉంది అన్నారు ఒకరు. ఐదింటిలో రెండు పడిపోయినా రాఫ్ట్ నడుస్తుంది, నిజమే. కానీ అది పడిపోయే ఆర్డరర్‌ని తట్టుకుంటుంది, అబద్ధమాడే ఆర్డరర్‌ని కాదు.

నా అడ్డదారి ఒకటుంది: ఒక్కో పీర్ బిల్లు ఎవరు కడుతున్నారో అడుగుతాను. మూడింటికీ ఒకరే కడుతుంటే మామూలు డేటాబేస్ పెట్టుకోమంటాను.

అమెజాన్ మేనేజ్డ్ బ్లాక్‌చెయిన్‌లో ఫ్యాబ్రిక్ నెట్‌వర్క్‌కి ఒక్కో సభ్యుడు తన సొంత అకౌంట్ నుంచి చేరొచ్చు, అది మంచిదే. ఆర్డరింగ్ మాత్రం అమెజాన్ చేతిలో ఉంటుంది, అందరూ దాని ఖాతాదారులే కావాలి. బీమా కంపెనీ వేరే క్లౌడ్‌లో ఉంటే కథ అక్కడే ఆగుతుంది. ఒరాకిల్‌లో బయట నడిచే ఫ్యాబ్రిక్ సంస్థల్నీ కలుపుకోవచ్చు. నేనైతే కుబర్నెటిస్ (సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) మీద మామూలు ఫ్యాబ్రిక్ పెట్టుకుంటాను. గుర్తింపు సర్టిఫికెట్లతో తలనొప్పే, కానీ దాన్ని ఎవరూ మూసేయలేరు.

అభ్యాసం: ఫ్యాబ్రిక్ శాంపిల్స్‌లోని టెస్ట్ నెట్‌వర్క్ నడపండి. రెండు సంస్థల కీలూ ఒకే ఫోల్డర్‌లో కనిపిస్తాయి. వాటితో రెండు సంతకాలూ మీరే పెట్టి ఒక లావాదేవీ దాటించండి. తర్వాత మూడో సంస్థని స్నేహితుడి మెషీన్ మీద పెట్టి, అతని కీ మీరు చూడకుండా చానల్‌లో (సంస్థలు ఒకే చిట్టా పంచుకునే గుంపులో) చేర్చండి. రెడీగా ఉన్న స్క్రిప్టు ఇక్కడ పనికిరాదు, కాన్ఫిగ్ అప్‌డేట్ (చానల్ సభ్యుల జాబితా మార్పు) చేత్తో చేయాల్సిందే. ఒక ఆదివారం పూర్తిగా పోతుంది.