ఉప్పునీటి ట్యాంక్‌లో చేపల్ని ఎప్పుడు వదలాలి?

ఉప్పునీటి అక్వేరియం పెట్టిన వారానికే నీళ్లు అద్దంలా తేటపడతాయి. అది చూసి చేపల్ని తెచ్చేయకండి. చేపలకు విషమైన అమ్మోనియా కంటికి కనిపించదు. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అయినా నేను క్యాలెండర్ కన్నా టెస్ట్ కిట్‌నే నమ్ముతాను. ట్యాంక్‌లో 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు భాగాలు) వచ్చేలా అమ్మోనియా కలిపి, 24 గంటల తర్వాత నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, నైట్రేట్ మాత్రం కనిపిస్తే ట్యాంక్ సిద్ధమైనట్టే. చాలా కిట్లలో అమ్మోనియా సున్నా అంటే లేత పసుపు రంగు. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి, పగటి వెలుతురులో చూడండి. కాస్త ఆకుపచ్చ ఛాయ తగిలినా ఇంకో వారం ఆగాల్సిందే.

ఈలోగా ఇసుక మీద గోధుమరంగు పొర కడితే టెన్షన్ పడొద్దు, కొత్త ట్యాంకుల్లో డయాటమ్‌లు (కంటికి కనిపించనంత చిన్న నాచు) మామూలే.

నైట్రేట్ బాగా పెరిగి ఉంటే సగం నీళ్లు మార్చి, నీటి సాపేక్ష సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.025 దగ్గర ఉందో లేదో చూసుకుని, ముందు ఒక్క క్లౌన్‌ఫిష్‌ను వదలండి. రెండు వారాలు రోజు విడిచి రోజు అమ్మోనియా చూసుకున్నాకే రెండో చేప.